కార్డు వెనక పెన్సిలు

"ఇది ఎవరి రాతో చెప్పక్కా. ఇంకెవరు చెప్పినా నమ్మను, నీ నోటితోనే చెప్పు."

తోడికోడలు ఆ కాగితాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద, కార్డులమ్మ టీ కప్పు పక్కన పెట్టింది. పెట్టిన విసురుకి టీ తొణికి కాగితం అంచు తడిసింది.

కార్డులమ్మ అంటే ఆ ఇంటి పెద్దకోడలే. పాత కాలేజీలో ఇరవై నాలుగేళ్ళుగా పూర్వ విద్యార్థుల కార్డులు కనిపెట్టుకుని ఉన్నందుకు అక్కడివాళ్ళు పెట్టిన పేరు, మెల్లగా ఇంటికీ పాకింది. అత్తగారొక్కతే కోపమొస్తే "ఏమే పెద్దదానా" అంటుంది. ఈ మూడు రోజుల్లో ఆవిడ మరోలా పిలిచిన పాపాన పోలేదు.

కంప్యూటర్ తెర మీద కనిపించేదాన్ని అచ్చుతీసి, మరిదికొచ్చిన నోటీసుకి జతచేసిన కాగితం అది. పైన మరిది ఫోటో, నెత్తినిండా జుట్టున్న రోజులది. కింద చదివిన సంవత్సరాలు, చిరునామా, ఫోన్ నంబరు. అన్నిటికంటే అడుగున "ఇతర వివరాలు" అని ఒక గడి, అందులో నాలుగు ముక్కలు. "చివరి పేపరు పోయింది. పట్టా లేదు. ఇంట్లో తెలియదు. ఈయన దగ్గర పట్టా మాట ఎత్తకూడదు."

చదవక్కర్లేదు. తను రాసిన ముక్కలు తనకి తెలియవా?

"నాదే," అంది.

"విన్నారా అత్తయ్యా! నాదేనట!" తోడికోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. నిలబడే ఓపిక లేక కూర్చుంది గానీ గొంతు మాత్రం తగ్గలేదు. "పెళ్ళప్పుడు మీరందరూ కూడబలుక్కుని డిగ్రీ అన్నారు. పన్నెండేళ్ళు కాపురం చేశాను. నాకు తెలీదు. మా అక్కకి తెలుసు, అక్క కార్డుల డబ్బాలకి తెలుసు, ఇప్పుడు ఏడు కాలేజీలకీ తెలుసు. కట్టుకున్నదాన్ని నాకొక్కదానికే తెలీదు!"

"మెల్లగా మాట్లాడవే. వాడు వింటాడు," అంది అత్తగారు.

"విననీండి! వినడం తప్ప ఇంకేం చేస్తున్నారు ఆయన?"

నిజమే. మరిది మూడు రోజులుగా గదిలోంచి బయటికి రాలేదు. అదే యూనివర్సిటీకి చెందిన ఇంకో కాలేజీలో లైబ్రేరియన్ అతను. మూడు రోజుల కిందట చేతిలో నోటీసు పెట్టారు. మీ డిగ్రీ పూర్తి కాలేదని సమాచారం అందింది, ఫలానా రోజు మధ్యాహ్నం మూడు గంటలకి అసలు పట్టాతో విచారణకి రావలెను. ఆ ఫలానా రోజు ఈ రోజే. పట్టా ఏదిరా అని తల్లి అడిగితే తలుపు గడియ పెట్టుకున్నాడు. కంచం కోసం ఒకసారి, నీళ్ళ కోసం ఒకసారి ఆ తలుపు జానెడు తెరుచుకుంటోంది, అంతే.

అత్తగారు ఇటు తిరిగింది. "ఏమే పెద్దదానా, వాడు నీ ఎదురుగుండా పెరిగినవాడే కదా! ఇంట్లో మొదటి డిగ్రీ మా చిన్నోడిదని నేను వీధి వీధంతా చెప్పుకున్నానే. ఇంటి గుట్టు లంకకి చేటని ఊరికే అన్నారా? రాసి పెట్టడానికి నీకు ఇంకేమీ దొరకలేదా?"

"చెరిపేశాను అత్తయ్యా."

"ఏమిటి?"

"రాశాను. కాదనను. కానీ పదకొండేళ్ళ కిందటే చెరిపేశాను. పాసయ్యానని చెప్పగానే, అతని కళ్ళముందే చెరిపేశాను."

"చెరిపేస్తే మళ్ళీ ఎట్లా వచ్చింది? దెయ్యం రాసిందా?" అంది తోడికోడలు.

దెయ్యం రాయలేదు. కొత్త డేటాబేస్ రాసింది. ఈ కథంతా దాని పుణ్యమే.

కార్డులమ్మకి ఒక పద్ధతి ఉండేది. కళ్ళతో చూసింది కార్డు ముందువైపు, పెన్నుతో, తేదీ వేసి రాసేది. చెవులతో విన్నది వెనకవైపు పెన్సిలుతో రాసేది. "భార్య పోయింది, ఈ ఏడు విందుకి పిలవొద్దు." "కొడుకు జైల్లో ఉన్నాడు, పిల్లల సంగతి అడగొద్దు." "ఉద్యోగం పోయింది, విరాళం ఉత్తరం పంపొద్దు." ఉత్తరాలు పంపేటప్పుడు, ఫోన్లు చేసేటప్పుడు కార్డు తిప్పి చూసుకునేది. ఎవరి పుండు మీదా పొరపాటున కూడా వేలు పడకూడదని. మనిషికి బాధ తీరితే రబ్బరు తీసుకుని చెరిపేసేది. పెన్సిలు పెట్టుకున్నదే అందుకు.

ఏడు కాలేజీలకీ కలిపి ఒకే డేటాబేస్ పెట్టాలని పైవాళ్ళకి బుద్ధి పుట్టింది. విరాళాలు అడగడానికి అన్ని కాలేజీల పూర్వ విద్యార్థులూ ఒక్కచోట కనిపించాలట. ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి తొమ్మిది వేల కార్డులూ పట్టుకెళ్ళి రెండువైపులా స్కానింగ్ చేశారు. మసకగా ఉన్నదాన్ని నల్లగా చూపించడం ఆ యంత్రం గొప్పతనమట! రబ్బరు అక్షరాన్ని తీసింది గానీ పెన్సిలు నొక్కిన గాడిని తియ్యలేదు కదా. ఆ గాడులన్నీ మళ్ళీ అక్షరాలై లేచి కూర్చున్నాయి. కనిపించిన ప్రతి ముక్కా ఎక్కించమన్నారు కాబట్టి టైపు చేసేవాళ్ళు ఎక్కించారు. మరిది పనిచేసే కాలేజీలో విరాళాలు చూసే ఆవిడ, మా లైబ్రేరియన్ కూడా పూర్వ విద్యార్థేనటగా, పిలుద్దామని అతని పేరు కొట్టి చూసింది. ఆ తరవాత సంగతి నోటీసులో ఉంది.

ఇదంతా కార్డులమ్మ చెప్తుంటే అత్తగారికి సగమే అర్థమైంది. తోడికోడలికి మాత్రం మొత్తం అర్థమైంది. అర్థమయ్యాక గొంతు మారింది.

"అక్కా. అంటే... పాసయ్యారా?"

"పాసయ్యాడు. నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. ఆ ఏడే కదా లైబ్రేరియన్ పోస్టు వచ్చింది. పట్టా చేతికి రాగానే ఇస్తానని రాసిచ్చి చేరాడు. తరవాత వాళ్ళు అడగలేదు, ఇతను ఇవ్వలేదు."

కార్డులమ్మ భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. బస్సు డిపోలో టైంకీపరు. ఇంట్లో ఎంత తుఫాను రేగినా గడియారం చూసుకుని బయల్దేరే మనిషి.

"దీనికింత గొడవెందుకే?" అన్నాడు. "నిన్ను సాక్షిగా పిలిచారు కదా. రాసింది నువ్వే, చెరిపింది నువ్వే. పాసయ్యాడు కాబట్టే చెరిపానని మూడింటికి ఆ మాట చెప్పు. అయిపోతుంది."

"పరీక్షల ఆఫీసులో రిజిస్టరు చూస్తారేమో బావగారూ," అంది తోడికోడలు భయంగా.

"ఆ ఏళ్ళ రిజిస్టర్లు లేవు," అంది కార్డులమ్మ. "పైపు పగిలి తడిసి అట్టకట్టుకుపోయాయి. నోటీసులోనే రాశారు. ఉన్నదల్లా నా కార్డూ, నా మాటా."

మూడు రోజుల తరవాత ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. తోడికోడలు లేచి, తడిసిన కాగితాన్ని కొంగుతో అద్ది, మడిచి, కార్డులమ్మ చేతిలో పెట్టింది. "ఏమీ అనుకోకక్కా," అంది.

"విన్నావురా చిన్నోడా!" అత్తగారు మూసిన తలుపు దగ్గరికి వెళ్ళి కొట్టింది. "వదిన చెప్తుందట. ఇంక భయం లేదు, బయటికి రా."

లోపలినించి జవాబు రాలేదు. నిద్రపోతున్నాడేమో పాపం, రెండు రాత్రుళ్ళు కన్ను మూసినట్టు లేదు అనుకుంది తల్లి.

*

పాత కాలేజీలో కార్డులమ్మ గది ఇప్పుడు గోదాము. చెక్క సొరుగులన్నీ ఖాళీగా ఉన్నాయి. కార్డులు పైఅంతస్తులో కొత్తగా పెట్టిన ఉమ్మడి ఆఫీసులో, అట్టపెట్టెల్లో, తాళం లోపల ఉన్నాయి. ఆమెకి మిగిలింది ఒక కుర్చీ, ఒక ఫోను.

పదకొండున్నరకి ఆ ఫోను మోగింది.

"కార్డులమ్మా, నేనమ్మా, సర్వేయర్ని."

గొంతు వినగానే పోల్చుకుంది. కొడుకు జైల్లో ఉన్న పెద్దాయన. ఏడేళ్ళ కిందట విరాళం ఉత్తరం పట్టుకుని స్వయంగా వచ్చి, ఈ గదిలోనే కూర్చుని ఏడ్చి వెళ్ళాడు.

"చెప్పండి బాబుగారూ."

"లా కాలేజీ నించి ఒకావిడ ఫోను చేసింది. మీ అబ్బాయి కేసు సంగతి మాకు తెలుసండీ, మా కాలేజీలో మంచి లాయర్లున్నారు, మా భవన నిధికి మీరేమైనా ఇవ్వగలరా అనడిగింది. నేను నీకొక్కదానికే చెప్పానమ్మా."

"బాబుగారూ, అది..."

"నువ్వు చెప్పి ఉండవని మా ఆవిడంది. నేనూ అదే అనుకున్నాను. అడుగుదామనే చేశాను. చెప్పలేదు కదూ?"

చెప్పలేదు అనడం ఎంతసేపు! కానీ రాసింది ఎవరు? కార్డులమ్మ మింగాలేక కక్కాలేక ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయింది. అవతల ఆయన కాసేపు చూసి, "సరేనమ్మా," అని పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె తిన్నగా మెట్లెక్కి ఉమ్మడి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి డైరెక్టరు మర్యాదస్తురాలు. ఎదురొచ్చి కుర్చీ చూపించింది, నీళ్ళు తెప్పించింది.

"మేడమ్, ఆ వెనకవైపు రాతలు తీయించెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"అయ్యో, అదేమిటమ్మా! ఏడు కాలేజీల్లో ఎవరి దగ్గరా ఇంత సమాచారం లేదు. పేర్లూ ఫోన్ నంబర్లూ ఎవరైనా ఇస్తారు. మనిషి లోపలి సంగతి మీరొక్కరే ఇచ్చారు. మీటింగులో మీ పేరు చెప్పి మెచ్చుకున్నాను కూడా."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

"అవి అడగకూడదని రాసుకున్నవండీ. అడగడానికి కాదు."

"అర్థమైంది. కానీ కార్డులు అప్పగించేటప్పుడు మీరే సంతకం పెట్టారు కదా? ముందువైపు ఉన్నదంతా మీరు కళ్ళారా చూసి, తేదీ వేసి రాసినదనీ, వెనకవైపు ఉన్నవి నమ్మదగినవేననీ." డైరెక్టరు గొంతు తగ్గించింది. "ఒక్క మాట చెప్తాను. వెనకవైపు రాతల్లో ఒక్కటి తప్పని తేలినా మొత్తం ఆ గడే తీసేయాలని మా న్యాయ సలహాదారు అన్నారు. మధ్యాహ్నం విచారణలో నేనూ కూర్చుంటున్నాను. మీ మరిదిగారి మీద రాసింది తప్పని మీరు చూపించగలిగితే, సాయంత్రానికి తొమ్మిది వేల మంది సంగతులూ పోతాయి."

కార్డులమ్మ తల పైకెత్తింది. పాసయ్యాడు, చెరిపేశాను. ఈ రెండు ముక్కలు చాలు. మరిది గట్టెక్కుతాడు, సర్వేయరుగారి పరువు దక్కుతుంది, తెల్లారిలేస్తే ఎవరి ఫోను మోగుతుందో అన్న భయం పోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఆకులంటూ ఉన్నాయి కదా!

మెట్లు దిగుతుంటే, మూడు రోజుల్లో మొదటిసారి ఆమెకి ఆకలేసింది.

*

విచారణ గది బయట చెక్క బెంచీ మీద కార్డులమ్మ కూర్చుని ఉంది. రెండున్నర అయింది. మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గడ్డం గీసుకుంటూ ఎక్కడో తెగినట్టుంది, చెంప మీద చిన్న దూది ముక్క అలాగే ఉంది. కారిడారు చివర, గోడకి ఆనుకుని తోడికోడలు నిలబడి ఉంది. దగ్గరికి రమ్మంటే రానంది.

"వచ్చావా నాయనా, కూర్చో. ఏమైనా తిన్నావా?"

"తిన్నాను వదినా."

తినలేదని ఆమెకి తెలుసు. దూది ముక్క తీసేసి, "ఏం బెంగ పెట్టుకోకు," అంది. "నేను చెప్తాను కదా. పాసయ్యావు కాబట్టే చెరిపానని చెప్తాను. మధ్యలో వాళ్ళేమడిగినా నువ్వు తడబడకు."

మరిది చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఏం చూసి చెరిపావని అడుగుతారేమో వదినా."

"నువ్వు చెప్పావుగా. అదే చెప్తాను."

"అది చాలదు. మార్కుల లిస్టు చూశానని చెప్పు."

"చూడలేదు కదరా. అప్పుడు చూపించలేదు నువ్వు. ఇంట్లో ఎక్కడైనా ఉందేమో వెతికావా? ఇప్పుడైనా పరిగెత్తుకెళ్ళి..."

"లేదు వదినా."

"పోయిందా?"

"రాలేదు. నేను మళ్ళీ ఆ పేపరు రాయనేలేదు. పరీక్ష హాలుదాకా వెళ్ళాను. గేటు దగ్గర నిలబడ్డాను. లోపల అందరూ నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నవాళ్ళు. కాళ్ళు ఆడలేదు వదినా. పార్కులో కూర్చుని, పరీక్ష అయ్యే టైముకి ఇంటికొచ్చాను. ఫలితాలొచ్చిన రోజు నీ మొహం చూసి..."

తరవాతి మాటలు ఆమెకి వినపడలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. పదకొండేళ్ళ కిందట తన బల్ల ముందు కూర్చుని నవ్విన నవ్వు ఒక్కటే కళ్ళముందు కదిలింది. ఆ రోజు రబ్బరు దొరక్కపోతే పక్కగది గుమాస్తాని అడిగి తెచ్చి మరీ చెరిపింది. ఎంత సంతోషంగా చెరిపింది!

"ఇప్పుడెందుకు చెప్పావురా?" అంది. గొంతులో కోపం కంటే ప్రాధేయపడటమే ఎక్కువుంది. "ఇంకో అరగంట ఆగలేకపోయావా? తెలియకుండా లోపలికెళ్ళి నిజమనుకుని చెప్పి వచ్చేదాన్ని కదా! ఆ పాటి దయ కూడా నా మీద లేకపోయిందా?"

"నువ్వు నిజం చెప్తే ఉద్యోగం పోతుంది వదినా. ఉద్యోగంతో పోదు. పదకొండేళ్ళు మోసం చేశాడంటారు. కేసు పెడతారు." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడప్పుడు జ్వరమొస్తే ఇలాగే పట్టుకునేవాడు. "చూశానని ఒక్క మాట. నీ మాటని ఎవరూ కాదనరు. నువ్వు కార్డులమ్మవి."

కారిడారు చివరినించి తోడికోడలు వీళ్ళనే చూస్తోంది. వదినా మరిదీ చేతులు పట్టుకోవడం చూసి, అంతా సర్దుకుందనుకుని కాబోలు, చిన్నగా నవ్వింది.

ఛీ, ఆ నవ్వు చూడకుండా ఉంటే బాగుండునని కార్డులమ్మ అనుకుంది.

లోపలినించి పిలుపొచ్చింది. ముందు సాక్షిని రమ్మన్నారు.

*

గదిలో ముగ్గురే. మరిది కాలేజీ ప్రిన్సిపాలు, డైరెక్టరు, రాసుకోవడానికి ఒక గుమాస్తా. బల్ల మీద ఆ కార్డు, వెనకవైపు పైకి పెట్టి ఉంది. పసుపు తిరిగిన అట్ట మీద ఏ రాతా కనిపించడం లేదు. ఇంత శుభ్రంగా చెరిపాను కదా అనుకుంది ఆమె.

"ఈ వెనక రాసింది మీరేనా?" అన్నాడు ప్రిన్సిపాలు.

"నేనేనండీ."

"చెరిపింది?"

"నేనే."

"ఎందుకు చెరిపారు?"

"పాసయ్యాడు కాబట్టి." నిజంగా నమ్మిన మాటని అబద్ధంగా చెప్పడం ఎంత సులువో అప్పుడే తెలిసింది. పొద్దున ఇంట్లో అన్న మాటే. అప్పుడు బరువు లేదు.

"పాసయ్యాడని ఎవరో చెప్తే చెరిపారా? మీరేమైనా చూశారా?"

తలుపుకున్న అద్దంలోంచి మరిది వీపు కనిపిస్తోంది. కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా అప్పుడే చెమటకి తడిసింది. సర్వేయరుగారి "సరేనమ్మా" చెవిలో వినిపించింది. తోడికోడలు కొంగుతో అద్దిన కాగితం ఇంకా సంచీలోనే ఉంది.

"చూశాను," అంది. "మార్కుల లిస్టు చూశాను. నా కళ్ళతో చూశాను."

ప్రిన్సిపాలు కుర్చీలో వెనక్కి వాలాడు. పాపం, ఆయనకీ ఆ లైబ్రేరియన్ మీద కోపమేమీ లేనట్టుంది, మొహం తేలికపడింది. గుమాస్తా రాసుకున్నాడు. "ఇంకేముంది మేడమ్, కార్డులమ్మగారే చూశానంటున్నారు," అన్నాడు ప్రిన్సిపాలు.

డైరెక్టరు కూడా నవ్వింది. ఇరుకున పెట్టే నవ్వు కాదది, నిజంగా సంతోషించిన నవ్వే. "తేదీ కూడా వేసుకుందాం, రికార్డు పక్కాగా ఉంటుంది," అంటూ చెయ్యి చాచి కార్డు అందుకుంది. "ఎలాగూ ముందువైపు రాసే ఉంటారు కదా."

కార్డు తిప్పింది.

పేరు, పెన్నుతో, తేదీతో. చిరునామా, పెన్నుతో, తేదీతో. అది మారిన ప్రతిసారీ కొత్త గీత, కొత్త తేదీ. పెళ్ళి, తేదీ. ఉద్యోగం, తేదీ. డైరెక్టరు వేలు ఒక్కొక్క గడే దిగుతూ వచ్చి, చిట్టచివర "పట్టా" అన్నచోట ఆగింది.

ఆ గడి ఖాళీగా ఉంది.

పదకొండేళ్ళుగా ఖాళీగానే ఉంది. కాగితం తెచ్చి చూపించు, అప్పుడు రాస్తానని ఆ రోజు మరిదితో తనే అంది. నవ్వుకుంటూ అంది. తరవాత మర్చిపోయింది.

"కళ్ళతో చూశానన్నారు," అంది డైరెక్టరు నెమ్మదిగా. ఆమె మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "మరి ఇక్కడ రాయలేదేమిటమ్మా?"

గుమాస్తా కలం ఆగింది. ప్రిన్సిపాలు ముందుకు వంగి కార్డు చూశాడు. తొమ్మిది వేల కార్డుల్లో, చూసి కూడా రాయకుండా వదిలేసిన గడి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ సంగతి ఆ గదిలో కార్డులమ్మ కంటే బాగా ఎవరికీ తెలియదు.

"చెప్పండమ్మా," అన్నాడు ప్రిన్సిపాలు.